నాలుగో గది మంచు

"కంఠంలో ప్రాణముండగా ఈ తలుపు తీయనివ్వను!"

కోల్డ్ స్టోరేజీలో నాలుగో గది తలుపుకు వీపు ఆనించి, ముసలాయన చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

హమాలీలు ట్రాలీల మీద వాలి నవ్వుతున్నారు. వాళ్ళు ఆయనకు పెట్టిన పేరు థర్మామీటరు తాత. ప్రతి సోమవారం వచ్చేవాడు. తలుపు పక్కన డిగ్రీలు చూపించే డబ్బా వైపు కళ్ళు చికిలించి చూసేవాడు. "బాగుందమ్మా" అని మేనేజరమ్మకు చెప్పి వెళ్ళిపోయేవాడు. గది అద్దెకు తీసుకున్న పరిశోధనశాల మనిషే అనుకుని ఆమె ఏనాడూ వివరం అడగలేదు.

"తప్పుకోండి తాతగారూ. చేపల లారీలు ఎండలో ఉన్నాయి. సరుకు పాడైతే నా పీక మీదికొస్తుంది."

"చేపలు రేపూ దొరుకుతాయి తల్లీ. ఇది దొరకదు. ధ్రువం నుంచి తెచ్చిన మంచు. తీసిన చోట ఇప్పుడు మంచు లేదు, నీళ్ళున్నాయి."

"మీవాళ్ళకి ఎన్నిసార్లు ఫోన్ చేశాను! ఒక్కరూ ఎత్తరు. పరిశోధనశాలే మూసేశారట. దిక్కూమొక్కూ లేని సరుకుకి నేనెన్నాళ్ళు కాపలా కాయను?"

"మూసినవాళ్ళకి బుద్ధి లేదు. తెరిచేవాళ్ళకైనా ఉండొద్దా?"

ఆమెకు ఒళ్ళు మండింది. బదులు చెప్పేలోగా యజమాని వచ్చాడు.

"ఏమిటీ గోల? ఐసుగడ్డల కోసమా? మన మిషను పూటకి బండెడు చేస్తుంది. ఆయనకో బస్తా కట్టివ్వండమ్మా, పోతాడు."

హమాలీలు గొల్లుమన్నారు.

"ఐసు కాదయ్యా, గాలి!" ముసలాయన గొంతు చించుకున్నాడు. "మంచుయుగంలో కురిసిన మంచు. పొర మీద పొర పడి అణిగిపోయి, అప్పటి గాలిని బుడగల్లో బిగించి దాచింది. మనిషి పొగ పెట్టకముందు భూమి ఏ గాలి పీల్చిందో ఇలాంటి మంచే సాక్షి. సాక్షిని చంపుతారా?"

"మంచుయుగాలా?" యజమాని తేలిగ్గా నవ్వాడు. "వాటంతటవే వచ్చాయి, పోయాయి. అప్పుడు ధ్రువాల మంచు కరగలేదా? ఇప్పుడు కరిగితే మన తప్పా? పేపర్లు మేమూ చదువుతామండీ."

ముసలాయన చేతులు కిందికి జారాయి.

"వచ్చాయి, పోయాయి. నిజమే," అన్నాడు చివరికి. "సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారి కొద్దికొద్దిగా మారి వచ్చాయి. వేల ఏళ్ళు పట్టింది. ఆ లెక్కన ఇప్పుడు మెల్లగా చల్లబడుతూ ఉండాలి. మంచు చూస్తే మన కళ్ళముందే కరుగుతోంది. గాలిలో మన పొగ ఎంత పేరుకుందో ఈ బుడగల పక్కన పెట్టి చూస్తేనే తెలిసేది. అయ్యా, మీకు దణ్ణం పెడతాను."

యజమాని గేటు దగ్గరి మనుషులకి సైగ చేశాడు. చంకల కింద చేతులు వేసి, ముసలాయన్ను ఎత్తుకెళ్ళి బయట దించారు.

హమాలీలు పెట్టెలు పెరట్లోకి లాక్కెళ్ళి గచ్చు మీద బోర్లించడం మొదలుపెట్టారు. గుండ్రటి దుంగల్లాంటి మంచు. ఎండ తగలగానే చిటపటలాడింది.

ఆ చప్పుడు మేనేజరమ్మకు వినబడింది. ఒక్కో చిటుక్కీ ఒక్కో బుడగ. ఎవరూ పీల్చి ఎరగని గాలి చేపల కంపులో కలిసిపోయింది. నీళ్ళు మురిక్కాలవ దారి పట్టాయి.

ఏ లారీ చాటున నక్కి వచ్చాడో, ముసలాయన మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. ఇంకా బోర్లించని పెట్టెల్లో ఒకదాన్ని రెండు చేతులా ఈడ్చుకొస్తున్నాడు.

"బఠానీల గది తెరవమ్మా! మూలన పెట్టుకుంటాను. ఎవరికీ అడ్డం రాను!"

యజమాని లారీల దగ్గరున్నాడు. ఆమె తాళం తీసింది.

బఠానీ బస్తాలు జరిపి, సందు చేసి, ఆయన పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి తోశాడు. ఒంటి మీద పల్చటి చొక్కా. పెదవులు నీలంగా మారాయి.

"ఇక చాలు తాతగారూ. చచ్చిపోతారు. కనీసం ఈ కోటు వేసుకోండి."

"నాకేం చలి తల్లీ? కడుపు మండిపోతుంటే!"

మరో పెట్టె తోసి, దానికి ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"బఠానీలకి చోటు చాలట్లేదు. ఆ మిగిలినవి కూడా పారేయించండి. పీడా విరగడవుతుంది," అన్నాడు యజమాని మర్నాడు.

మేనేజరమ్మ తాళంచెవి గుప్పిట్లో బిగించింది.

"ఒక మనిషి పోయాడండీ ఇక్కడ. మీకు బఠానీల బాధ. అవి తీయించను. కావాలంటే నన్ను తీసేయండి."

యజమాని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం, ఎండకూ చలికీ పొట్టులేచిన ముఖంతో, ఆ మంచు తెచ్చిన పరిశోధకురాలు పరుగున వచ్చింది. ధ్రువంలో మంచు మీద ఉండగా ఏ ఫోనూ అందలేదట. బస్తాల వెనక పెట్టెలు చూసి, వాటి మీద చెంప ఆనించి ఏడ్చింది.

"మీ గురువుగారే కాపాడారమ్మా, ప్రాణం పెట్టి," అంది మేనేజరమ్మ, కెమెరాలో పడ్డ ముసలాయన బొమ్మ చూపిస్తూ.

పరిశోధకురాలు ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది.

"గురువా? మా గడప ఎప్పుడూ తొక్కలేదండీ ఈయన. ధ్రువాలు కరగడం మామూలేనని, మేం చెప్పేవన్నీ అబద్ధాలని జీవితమంతా మాతో పోరాడారు," అంది నెమ్మదిగా. "ఆయన మాట తప్పు అని తేల్చింది ఈ మంచే."