సారుగారి ఇంటి చదువు

"నా సర్టిఫికెట్ చచ్చిందంటే నా సంతకం చెల్లదు. నా సంతకం చెల్లకపోతే నీ రిపోర్టే లేదు. ఇక నీ ఇష్టం," అన్నాడు కౌన్సిలరు, తన ఇంటి హాల్లో చెక్క కుర్చీని కంప్యూటర్ ముందుకు లాగుతూ.

"సార్, నేను నా నడుం చూపించుకుందామని వచ్చాను. మీ చదువు నేనెలా చదవను?" అన్నాడు డ్రైవరు.

"అదేం బ్రహ్మవిద్యా? మాలాంటివాళ్లు సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి ఇంట్లో కూర్చుని చదువుకునే పాఠం. పైన ఉన్నది చదవడం, కింద ప్రశ్నకి టిక్కు పెట్టడం. చూసి రాసే పరీక్షకి నువ్వయితేనేం, నేనయితేనేం? సాయంత్రంలోగా పంపకపోతే నా కొంప మునుగుతుంది. నాతోపాటు నీదీ."

ఆయన ఓట్ల కౌన్సిలరు కాదు. ప్రమాదాల్లో దెబ్బతిన్న పనివాళ్లు ఏ పని చేయగలరో, ఏది చేయలేరో తేల్చి కంపెనీలకు చెప్పడం ఆయన ఉద్యోగం. లారీ బోల్తాపడినప్పుడు డ్రైవరుకు నడుం దగ్గర నరం నలిగింది. కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు, కుడికాలు మొద్దుబారిపోతుంది. బ్రేకు మీద కాలు ఉందో లేదో కూడా తెలియదు. మళ్లీ లారీ ఇవ్వాలా, గోడౌన్‌లో లేచి తిరుగుతూ సరుకు చూసుకునే పని ఇవ్వాలా అన్నది కౌన్సిలరు ఎలా చెబితే అలా చేస్తామంది కంపెనీ. గోడౌన్ పని ఇస్తే బతుకుతాడు. లారీ ఎక్కిస్తే తను చస్తాడు, ఎదురొచ్చినవాళ్లనూ చంపుతాడు. ఆ భయంతో అతనికి కంటి మీద కునుకు లేదు.

అందుకే కూర్చున్నాడు. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, లారీ డ్రైవరెంత!

కౌన్సిలరు సోఫాలో కాళ్లు బారజాపుకుని టీవీలో మ్యాచ్ పెట్టుకున్నాడు. డ్రైవరు తెర మీద పాఠం పేరు చదివాడు. 'వృత్తిలో నీతి నియమాలు'.

"సార్, మొదటి ప్రశ్న. నొప్పిగా ఉందని క్లయింటు అంటే నమ్మాలా, వద్దా?"

"క్లయింటువి నువ్వే కదయ్యా, నువ్వే చెప్పు."

"నమ్మాలి సార్."

"అయితే అదే పెట్టు."

పేజీలు కదిలాయి. కాసేపటికి డ్రైవరు మళ్లీ గొంతు సవరించుకున్నాడు.

"సార్... క్లయింటు చేత కౌన్సిలరు సొంత పనులు చేయించుకోవచ్చా?"

టీవీలో ఎవడో అవుటయ్యాడు. "ఛ! వీడికి బ్యాట్ ఎవడిచ్చాడ్రా!" అని అరిచి, కౌన్సిలరు ఇటు తిరిగాడు. "ఏంటీ అన్నావు?"

డ్రైవరు గొంతు తగ్గించి మళ్లీ చదివాడు.

"కూడదని పెట్టు. చేయించుకోవచ్చని పెట్టేవు, మార్కు పోతుంది!"

మనిషన్నాక కాస్త సిగ్గుండాలి. ఉంటే ఆ ప్రశ్న ఆయనే చదువుకునేవాడు.

డ్రైవరు నడుంలో సన్నగా మొదలైన పోటు తొడలోకి దిగింది. లేచి నాలుగడుగులు వేద్దామని బల్ల మీద చెయ్యి ఆనించాడు. అంతలో భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, సారు చూశారా?"

"ఎక్కడే! ఆయన చదువు నా నెత్తిన పడింది. చదువుతున్నా."

"అయ్యో రాత! నడుం ఎలా ఉంది?"

"ప్రాణం తీస్తోంది. కాసేపు లేచి తిరుగుదామనుకుంటున్నా."

"తిరక్కండి! మాటిమాటికీ లేచి, అమ్మా అబ్బా అని మూలిగితే ఆయనకి చిర్రెత్తుకొస్తుంది. చేతికందే పని పోగొట్టుకుంటారు. ఈ ఒక్క రోజు పళ్లు బిగబట్టుకోండి, నా మాట వినండి."

"సరేలే," అని అంతే గుసగుసగా చెప్పి ఫోన్ పెట్టేశాడు. నొప్పి మాత్రను నీళ్లు లేకుండానే మింగాడు. పాపం, ఇంట్లో చిన్నపిల్ల మొహం చూసి ఆమె అన్న మాట అది. అతనూ పిల్ల మొహం చూసే విన్నాడు.

"టీ తాగుతావా?" అన్నాడు కౌన్సిలరు.

"వద్దు సార్." తాగితే లేవాల్సి వస్తుంది.

"నడుం ఎలా ఉంది?"

"పర్లేదు సార్. మీరు మ్యాచ్ చూసుకోండి."

మ్యాచ్ అయిపోయింది. ఆ తర్వాత ఇంకొంతసేపటికి పాఠమూ అయిపోయింది. చివరి టిక్కు పెట్టి డ్రైవరు బటన్ నొక్కాడు. తెర మీద పచ్చ అక్షరాలు వెలిగాయి. కౌన్సిలరు పాసయ్యాడు. సర్టిఫికెట్ బతికింది.

"శభాష్! నీలాంటి క్లయింటు ఉంటే చాలయ్యా, జీవితాంతం నాకు ఢోకా లేదు!" అంటూ కౌన్సిలరు అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. డ్రైవరుకు చుక్కలు కనిపించాయి. అయినా నవ్వాడు.

కౌన్సిలరు కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, నిలబడే ఏదో టకటకా కొట్టసాగాడు. డ్రైవరు బల్ల కింద కుడికాలిని రెండు చేతులా పిసికాడు. చేతులకు కాలు తెలుస్తోంది, కాలికి చేతులు తెలియడం లేదు. ఇక ఆగలేకపోయాడు.

"సార్, మరి నా సంగతి? కాస్త నడుం చూసి రిపోర్టు రాస్తే..."

"ఇంకా చూసేదేముందయ్యా, పొద్దున్నుంచీ కళ్లారా చూస్తూనే ఉన్నాగా! కూర్చున్నవాడివి కూర్చున్నట్టే ఉన్నావు, ఒక్కసారైనా అబ్బా అన్నావా? కొత్త సర్టిఫికెట్‌తో మొదటి సంతకం నీకే పెట్టి ఇప్పుడే పంపించేశా. రేపు పొద్దున్నే వెళ్లి లారీ తాళాలు తీసుకో!"