పై అంతస్తు

"మా ఆవిడ చేత అప్పుడే మెట్లెక్కించొద్దమ్మా," అన్నాడు వడ్రంగి, వ్యాయామ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఫిజియోథెరపిస్టుకు ఒళ్లు మండింది. "మోకాలి చిప్పకి ఆపరేషనై నాలుగు వారాలైంది. ఇప్పుడు వంచకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఆవిడ నడిస్తే మీకేం బాధ?"

లోపల్నుంచి అతని భార్య అందుకుంది. "అడగమ్మా, గట్టిగా అడుగు! కాలు నాది, నొప్పి నాది. మధ్యలో ఈయన సణుగుడేంటి? లిఫ్టు లేని ఆసుపత్రి. మెట్లెక్కకపోతే పైనున్న నా కూతుర్ని ఎలా చూడను?"

"పాపకేం, బాగానే ఉంది. పొద్దున ఇడ్లీ కూడా తింది," అన్నాడతను నేల చూస్తూ. "వెళ్లి చూసొస్తా."

ఫిజియోథెరపిస్టు వరండాలోకి వచ్చి అతణ్ని ఆపింది. "ఎందుకండీ ఆవిణ్ని అలా వెనక్కి లాగుతారు?"

అతను గొంతు తగ్గించాడు. "పైన పాప లేదమ్మా. బండి మీంచి పడిన రోజే పోయింది. ఈవిణ్ని స్పృహ లేకుండా తెచ్చారు. కళ్లు తెరవగానే పాపేదని అడిగింది. పై వార్డులో ఉందనేశాను. ఇప్పుడేమని చెప్పను?"

ఆ రోజు నుంచి ఫిజియోథెరపిస్టు కూడా అబద్ధాలు మొదలుపెట్టింది. వాపు ఉందంది. ఇంకో వారం ఆగాలంది. మెట్లు తప్ప మిగతా వ్యాయామాలన్నీ చేయించింది.

ఒక సాయంత్రం వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. మెట్ల వైపు పరుగెత్తింది. వడ్రంగి భార్య కమ్మీ పట్టుకుని, పళ్లు బిగబట్టి, అప్పటికే పదో మెట్టు మీదుంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది.

"ఆగండి! ఆయన పైనే ఉన్నారు, పిలుస్తాను."

"ఉన్నాడని తెలిసే వెళ్తున్నా."

ఇక దాచలేకపోయింది ఫిజియోథెరపిస్టు. ఏడుస్తూనే చెప్పేసింది. "పైకెళ్లొద్దమ్మా. అక్కడ పాప లేదు."

ఆమె ఆగలేదు. నొప్పి కాలిని ఇంకో మెట్టు పైకి లాక్కుంది.

"నాకు తెలుసమ్మా. నాకు స్పృహ తప్పకముందే, రోడ్డు మీదే, నా ఒళ్లోనే పోయింది. కళ్లు తెరిచి, కలేమోనని అడిగాను; ఆయన పైన ఉందంటే కాదనలేకపోయాను. రోజూ పైన డాబా మీద ఒక్కడే కూర్చుని ఏడ్చి వస్తున్నాడని ఆయా చెప్పింది. పక్కన కూర్చుందామని వెళ్తున్నా."