రెండు బళ్ల ఇంజను

"జడ వెనక్కి వేసుకో, గ్రీజు అంటుకుంటుంది," అన్నాడు మేస్త్రి, ఇంజను మీంచి తల ఎత్తకుండానే.

పంతులమ్మ పకపకా నవ్వింది. ఆమె జుట్టు చెవులు దాటి కిందికి రాదు.

"నాకు జడెక్కడిది మహానుభావా? పెళ్లయి మూడు నెలలైంది. పెళ్లానికి జడ ఉందో లేదో ఇంకా చూసుకోలేదా మీరు?"

"మా అక్కతో అనీ అనీ అలవాటైపోయింది," అంటూ స్పానరు అందుకున్నాడు.

వీధిలో అందరూ అతన్ని మేస్త్రి అంటారని ఆమె కూడా సరదాకి అలాగే పిలిచేది. ఆమె కాలేజీలో ఫిజిక్స్ చెబుతుందని అతను 'పంతులమ్మా' అనేవాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమెకు చక్కిలిగింత పెట్టినట్టుండేది.

శనివారం మధ్యాహ్నం. ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో నీలం కారు. ఎడమవైపు వెనక తలుపు ఒక్కటే ఎరుపు. రెండు వారాల కిందట ఆదివారం పక్క ఊళ్లో పాత సామాన్ల బజారు నుంచి తెచ్చి బిగించాడు. ఇద్దరూ దూరంగా నిలబడి చూసి, కడుపుబ్బ నవ్వుకున్నారు. అతను ఫోనులో ఫొటో కూడా తీశాడు.

"ఎవరికి చూపించడానికి?"

"ఎవరికీ కాదు. గుర్తుకి."

నిజమే, ఈ కారును వాళ్లిద్దరూ తప్ప మూడో మనిషి చూడలేదు.

తలుపులే కాదు, ఇంజనూ కలగూరగంపే. కింది బ్లాకు ఒక బండిది, పైన కూర్చునే హెడ్డు ఇంకో బండిది. రెండింటి మధ్యా పెట్టే పల్చటి రేకు హెడ్ గాస్కెట్. మంటా, నీళ్లూ, ఆయిలూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడకుండా కాయాల్సింది అదే. అది కుదిరితే రేపు సముద్రానికి ప్రయాణం. పెళ్లయిన వారం నుంచీ వాయిదా పడుతూ వస్తున్న ప్రయాణం. కుదరకపోతే ఏడాదిగా ఏరి తెచ్చిన సామానంతా తుక్కు.

మేకుకు మూడు గాస్కెట్లు వేలాడుతున్నాయి. పంతులమ్మ మొదటిది తీసి బ్లాకు మీద పరిచింది. సిలిండర్లు బోరింగు చేయించి పెద్దవి చేశారు కదా, గాస్కెట్ అంచు లోపలికి పొడుచుకొచ్చింది.

"ఇది మంటకి కాలి ఊడిపోతుంది," అని పక్కన పెట్టేసింది.

మిగతా రెండూ ఇటు బ్లాకుకీ అటు హెడ్డుకీ సరిపోయాయి. నీటి దారులు కూడా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. తేడా మందంలోనే. ఒకటి పల్చన, ఒకటి దళసరి.

"పల్చందే వేద్దాం. పికప్ బాగుంటుంది."

"వాల్వు వచ్చి పిస్టన్‌ని కొడితే?"

"కొట్టదులే."

"కొట్టదులే అంటే సరిపోదు మేస్త్రిగారూ. కొలవాలి."

అతను నిట్టూర్చి, పోయిన ఆదివారం తెచ్చిన ఒక బిస్కెట్ల డబ్బా అటక మీంచి దించాడు. పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే. నీలం, ఎరుపు, పసుపు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"ఇది కూడా సెకండ్ హ్యాండేనా?"

"ఆ బజార్లో కొత్తదేముంది?"

"ఉందిగా, ఆదివారం ఆదివారం వచ్చే కొత్త పెళ్లికొడుకు."

అతను కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

చిన్న ముద్ద తుంచి పిస్టన్ నెత్తి మీద అద్దాడు. పల్చటి గాస్కెట్ వేసి, హెడ్డు బిగించి, ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పాడు. వాల్వు నొక్కిన చోట క్లే పల్లం పడింది. పంతులమ్మ బ్లేడుతో దాన్ని అడ్డంగా కోసింది. కొలత తీస్తుంటే ఆమెకు తన చిన్నప్పటి కేకు ముక్కలు గుర్తొచ్చాయి.

"ఒకటీ పాయింట్ రెండు. కనీసం రెండు మిల్లీమీటర్లు ఉండాలి. పల్చంది వేస్తే మొదటి ఘాట్ రోడ్డులోనే వాల్వులు వంగుతాయి. దళసరిది వేయండి. రెండు దాటుతుంది."

అతను గాస్కెట్ వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

"సరే. పికప్ పోతే పోయింది. దూరం వెళ్లాలి, మధ్యలో ఆగకూడదు."

"సముద్రం మూడు గంటలేగా, అదేం దూరం?"

"ఆ స్పానరు ఇలా అందించు."

ఎండ తగ్గేసరికి ఇంజను ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. పొగ లేదు. నీళ్లలో బుడగ లేదు. పంతులమ్మ గంతులేసింది. అతను మసి చేత్తోనే ఆమె ముక్కు గిల్లాడు.

"నువ్వే లేకపోతే ఈ బండి గేటు దాటేది కాదు."

"అందుకేగా చదువుకున్న దాన్ని చేసుకున్నారు."

"పొద్దున్నే ముందు నేనొక్కణ్ణే ఒక చుట్టు తిప్పి చూస్తాను. నువ్వు నిదానంగా లేచి తయారవ్వు."

అతను స్నానానికి వెళ్లాడు. అతని పెట్టె అప్పుడే డిక్కీలో ఉంది. ఆమెది ఇంకా మంచం మీద తెరిచే ఉంది. ఎంత తొందరో మనిషికి అని మురిసిపోతూ, ఆమె పనిముట్లన్నీ తుడిచి సర్దింది.

క్లే మిగిలింది. దాన్ని డబ్బాలో పెట్టబోతే అడుగున మడత పెట్టిన కాగితం కనిపించింది. కింద ఏదో గట్టిగా తగిలింది. కాగితం ఎత్తింది.

ఎవరో బుల్లి వేళ్లతో చేసిన నీలం కారు, దాని ఎడమవైపు వెనక తలుపు ఒక్కటే ఎరుపు, లోపల స్టీరింగ్ పట్టుకుని ఒకాయన, పక్కన పొడుగు జడతో ఒకావిడ, వెనక సీట్లో చిటికెన వేలి గోరంత పాప.