ముందు సీటు

అల్లుడు రత్నాకర్‌కు మామ బిచ్చయ్య రాసేది.

పెళ్లయిన నాటి నుంచి నన్ను కారులో వెనక సీట్లోనే కూర్చోబెడుతున్నావు. ముందు కూర్చుంటే "బ్రేక్, బ్రేక్" అని అరుస్తానట. అరవకపోతే నువ్వు బ్రేక్ వేస్తావా?

మొన్న వానలో అబిడ్స్ దాటి నాంపల్లి చేరేసరికి నీళ్ళు హెడ్‌లైట్ల దాకా వచ్చాయి. "గేర్ మార్చకు, ఫస్ట్ గేర్‌లనే మెల్లగ పోనియ్యి" అన్నాను.

"జర సప్పుడు చెయ్యకుండ కూసో మామా" అని గేర్ మార్చావు. బండి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేయబోయావు.

"తాళం తిప్పకు బిడ్డా, ఇంజన్ల నీళ్ళు పోతయి!" అని మొత్తుకున్నా వినలేదు. వెనక నుంచి వంగి తాళం గుంజుకున్నాను. కిటికీలోంచి చెయ్యి పెట్టి విసిరేశాను. బుడుంగుమంది. తొడ లోతు నీళ్ళలో దిగి నువ్వు దేవులాడుతుంటే నాంపల్లి అంతా నవ్వింది.

తాళం తిప్పి ఉంటే ఇంజన్ పోయేదని మెకానిక్ చెప్పాడు. అయినా నువ్వు నాతో మాట్లాడటం లేదు. కొత్త తాళం కోసం షోరూం చుట్టూ తిరుగుతున్నావట.

తిరగకు. నీళ్ళలో పడింది నా తంబాకు డబ్బీ. తాళం నా రొంటిన ఉంది.

కొత్త డబ్బీ తెచ్చియ్యి. ముందు సీటు నాదేనా కాదా, వచ్చే ఆదివారంలోగా జవాబు చెప్పు.