ఇంట్లో సడి

గరిటె చేజారి గట్టు మీద పడింది.

ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది.

దుర్గకీ ఏడుపొచ్చింది. చెయ్యి పడిపోయేలా జోకొడితే అప్పుడే పడుకున్న పిల్ల.

సీతమ్మధారలో మేడ మీది ఆ రెండు గదుల వాటాలో కొన్నాళ్ళుగా సడి అన్నది లేదు. కాలింగ్ బెల్ వైరు పీకేశారు. టేప్ రికార్డరు అటకెక్కింది. కుక్కరు కూత వేస్తుందని దుర్గ అన్నం గిన్నెలో వారుస్తోంది. స్టీల్ ప్లాంటులో షిఫ్టు దిగొచ్చే ఆమె భర్త అర్జునరావు చెప్పులు మెట్ల కిందే విడిచి, పిల్లిలా అడుగులేస్తూ తన ఇంట్లోకి తనే వచ్చేవాడు.

అయినా చీమ చిటుక్కుమంటే చాలు, పాప లేచిపోయేది.

ఆ ఏడుపు తగ్గకముందే వీధిలోంచి కేక.

"సేపలో... కానాగంతలో..."

దుర్గ బాల్కనీలోకి పరుగెత్తింది.

"ఇదిగో, ఇక్కడ అరవకు. చంటిపిల్ల ఉంది."

నెత్తిన గంపతో ఉన్న మనిషి తలెత్తింది. దుర్గ ఈడుదే.

"పాపేనామ్మా ఏడుత్తన్నాది?"

"ఆ. నీ కేకకి ఇంకా ఏడుస్తోంది."

ఆమె పిలవకుండానే మెట్లెక్కి వచ్చేసింది. గుమ్మం బయట గంప దించి, లోపలికి చూస్తూ, "ఏటైందే తల్లీ? ఎవులు కొట్టినారు నిన్ను? సంద్రంలోకి ఇసిరేద్దుమా ఆల్ని?" అంది.

పాప ఏడుపు ఆపింది. ఆ గొంతు వచ్చిన వైపు మెడ తిప్పింది.

దుర్గ ఆశ్చర్యపోయింది. ఆ పూట చేపలు కొంది. ఆమె పేరు నూకాలని, ఉండేది జాలరిపేటలోనని అడిగి తెలుసుకుంది.

మర్నాటి నుంచి నూకాలు ఆ వీధిలో కేక వెయ్యలేదు. కేక లేకపోతే చేపలొచ్చాయని ఎవరికి తెలుస్తుంది? ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టేది. ఆఖర్న దుర్గ వాటాకి వచ్చి, గుమ్మం బయట కుళాయి దగ్గర చేపలు బాగుచేసేది.

"ఇల్లంతా ఇలాగ ఊపిరి బిగబట్టుకు కూకుంటే, పిల్లకి సడంటే బయమే గదమ్మా," అందో రోజు.

"ఏం చెయ్యను నూకాలూ? కాన్పులో ఫిట్స్ వచ్చి చచ్చి బతికాను. ఇది పుట్టాక కొన్నాళ్ళు నాకు తెలివే లేదు. పురిటి స్నానం కాగానే మా అమ్మ పొలం పనులని ఊరెళ్ళిపోయింది. దీన్ని ఎలా పెంచాలో ఏమో."

నూకాలు తల వంచుకుని పొలుసు గీకింది. "నానొచ్చి రోజూ కూసేపు కూకుంటాను. మాటాడతా పని సేసుకుంటాను. అలవాటైపోద్ది," అంది.

మొదట్లో గుసగుసగా మాట్లాడేది. తర్వాత కొంచెం గొంతు పెంచింది. ఆ తర్వాత గిన్నెలు మోగిస్తూ తోమిపెట్టింది. పాప ఉలిక్కిపడితే చాలు, "నానేనే, తొంగో," అనేది. పాప మళ్ళీ కళ్ళు మూసుకునేది.

ఒకరోజు ధైర్యం చేసి దుర్గ కుక్కరు పెట్టింది. అది కూత వేసింది. పాప లేవలేదు.

అర్జునరావు చేతిలోంచి తలుపు జారి ధడాలున పడింది. నాలిక్కరుచుకుని ఉయ్యాల వైపు చూశాడు. పాప లేవలేదు.

దుర్గ నవ్వేసింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

"ఓపాలి ఎత్తుకోనామ్మా?" అడిగింది నూకాలు.

"నీసు వాసన కదా నూకాలూ. చంటిపిల్ల."

నూకాలు మర్నాడు తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, గంప లేకుండా వచ్చింది. ఏమీ అడగలేదు. గుమ్మం దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఎందుకొచ్చిందో దుర్గకి తట్టలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం దుర్గ ఆరిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళింది. దిగి వచ్చేసరికి నూకాలు గదిలో ఉంది. పాపని గుండెకి హత్తుకుని ఉంది. పాప ఆమె జాకెట్టు మీద నోటితో తడుముకుంటోంది. నూకాలు చెంపల మీద నీళ్ళు.

దుర్గ బిడ్డని లాక్కుంది.

"ఏం చేస్తున్నావ్?"

"ఏడిసిందమ్మా. ఎత్తుకున్నాను."

"నా పిల్లతో నీకేంటి పని? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇంక ఈ గుమ్మం ఎక్కకు."

నూకాలు చెంపలు తుడుచుకుంది.

"మంచిదమ్మా. గిన్నెలూ అయీ మోగనీండి. పాప ఇంక బయపడదు," అని గంపెత్తుకుని దిగిపోయింది.

మళ్ళీ రాలేదు.

కోపం చల్లారాక దుర్గకి మనసు పీకింది. వీధిలో ఇంకో చేపలమ్మి కనిపిస్తే ఆపి అడిగింది.

"ఆల్లు పారాదీపు ఎలిపోనారమ్మా. మొగుడికి ఆడ బోటు మీద పని దొరికినాది. మరి రారు."

తట్టు టీకాకి దుర్గ పాపని కాన్పు జరిగిన ఆస్పత్రికే తీసుకెళ్ళింది. వరండా నిండా పిల్లల ఏడుపులు, పెద్దల కేకలు. పాప తల్లి భుజం మీద ఆదమరిచి నిద్రపోతోంది.

ఆయా చిలకమ్మ గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. పాప బుగ్గ తాకి, "ఎంతెదిగిపోనాదో. నూకాలు ఒచ్చి సూసిందామ్మా? మీ ఇల్లెక్కడో సెప్పమని నన్ను ఒకటే బతిమాలింది," అంది.

"నూకాలు నీకెలా తెలుసు?"

చిలకమ్మ తెల్లబోయింది.

"మీయమ్మ సెప్పనేదేటి? ఊళ్ళో తెలిస్తే నామర్దా అని, నీకు సెప్పొద్దని మా సేత ఒట్టేయించుకుంది."

"ఏం చెప్పొద్దని?"

చిలకమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నువ్వు పైన తెలివి లేకుండా ఉన్నన్నాళ్ళూ, కింద వార్డులో ఈ పాపకి పాలిచ్చి బతికించినాది ఆ నూకాలేనమ్మా, అప్పుడే తన బిడ్డని పోగొట్టుకుని."