ఓడే మోషే

ఇట్లా దగ్గరగా జరిగి కూర్చోండి, గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు. ఇది మా మేనమామ నాగులు సంగతి. ఆయన నోటితో ఆయన చెప్పుకున్నదే.

తెల్లదొరల కాలం. మనది అప్పుడు కర్నూలు జిల్లా. మార్కాపురంలో కుస్తీల కంపెనీ పదిరోజులు డేరా వేసింది.

రోజూ సాయంత్రం ఒకటే జత. సింహం మాల్యాద్రి, ముసలి మోషే.

మాల్యాద్రి ఎత్తి విసిరితే మోషే గాల్లో గిర్రున తిరిగి, వీపు నేలకు కొట్టుకునేట్టు పడేవాడు. జనం ఈలలు వేసేవారు. ఆయనకు "ఓడే మోషే" అని పేరు పెట్టారు.

నాగులుకు ఇరవై ఏళ్లు. గొర్రెల మందను తమ్ముడికి వదిలేసి డేరా చుట్టూ తిరిగేవాడు. తాను మాల్యాద్రికి శిష్యుడు కావాలి, అదొక్కటే కోరిక.

ప్లీడరు వెంకటసుబ్బయ్య ఇంటికి నెయ్యి తీసుకుపోతే ఆయన నవ్వాడు.

"ఏరా నాగులూ, మొన్న మా ఇంట్లో పాటకచేరీ పెడితే పదిమంది రాలేదు. గోచీలోళ్లు ఇద్దరు దొర్లుతుంటే ఊరంతా పోతుందేందిరా?"

"పాట ఇనేదానికి మాకు మీ అరుగు మీద చోటేది సామీ?"

ప్లీడరు నవ్వు ఆపేశాడు.

మరునాడు పొద్దున డేరా వెనక గోదాలో మోషే పారతో మన్ను గుల్ల చేస్తూ నాగులును పిలిచాడు.

"రోజూ వస్తుండావు. నేర్చుకుంటావా నాయనా? దిగు."

"నీకాడనా? ఓడేటోని కాడ ఏం నేర్చుకునేది, పడేదా?"

"ముందు అదే నేర్చుకోవాల."

"నువ్వే నేర్చుకో పో. నేను మాల్యాద్రన్న కాడనే నేర్చుకుంటా."

మోషే మళ్లీ పార అందుకున్నాడు.

కంపెనీ వెళ్లిపోయే రోజు నాగులు స్టేషనుకు పరుగెత్తాడు. రైలు ఎక్కబోతున్న మాల్యాద్రి కాళ్ల మీద పడ్డాడు.

"అన్నా, నన్ను శిష్యునిగా తీసుకో. నీ ఎనకాలే వస్తా."

మాల్యాద్రి లేవనెత్తి, భుజాలు తడిమి చూశాడు.

"ఒళ్లు బాగుంది తమ్ముడూ. కానీ నాకు నేర్పిన ఉస్తాదు ఉండంగా నేను నేర్పకూడదు. అది మా కట్టుబాటు. ఆయన్నే అడుగు."

"ఏ ఊర్లో ఉంటాడన్నా ఆయన?"

"నాతోనే ఉంటాడు. ఆట చూపించాలంటే ఎవరో ఒకరు పడాల గదా. నా ఇసురుకు ఎముక ఇరగకుండా పడేది ఆయనకొక్కడికే తెలుసు."

కూత పడింది. మాల్యాద్రి ఎక్కాడు. లోపల కిటికీ పక్కన మోషే కూర్చుని ఉన్నాడు. ఊరు భుజాల మీద మోసిన అంత మనిషి మాల్యాద్రి, బెంచీ ఖాళీగా ఉన్నా ఎక్కలేదు. పోయి మోషే కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు.

నాగులు కిటికీ ఊచ పట్టుకుని రైలు వెంట నడిచాడు.

"ఎడంగా జరుగు నాయనా, దెబ్బ తగులుద్ది" అన్నాడు మోషే.

మరిచిపోకండి, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆయన్ను ఉస్తాదు అనండి.