డబ్బాకు దసరా సెలవు

హన్మకొండలో ఇప్పుడు బండ్లే సిగ్నళ్లతో మాట్లాడతాయి. ఎవరికెంత తొందరో బండిలోని డబ్బా చెబితే, దాన్ని బట్టి చౌరస్తాలో దీపం పచ్చబడుతుంది.

ఆటో నడిపే ఐలయ్యకు ఆ డబ్బా కూడా ఒక పనిముట్టే. దసరానాడు పనిముట్టుకు విశ్రాంతినివ్వాలి కదా! దాన్ని ఊడదీసి, పసుపు పూసి, బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచాడు. ఆ మధ్యాహ్నమే పక్కింటి రజితకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెనూ, ఆమె అత్త కొమురవ్వనూ ఎక్కించుకుని, డబ్బా సంగతే మరిచి బయలుదేరాడు.

మొదటి చౌరస్తాలోనే ఎర్రదీపం. ఎంతకీ మారదు. వెనక రజిత మూలుగుతోంది. డబ్బా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని ఐలయ్య అప్పుడు చూసుకున్నాడు.

పక్కన ఆగిన సిటీబస్సు డ్రైవరు తొంగిచూశాడు. "ఏందన్నా, కాన్పు కేసా? నీ డబ్బా ఏది?"

"పూజల వెట్టిన తమ్మీ!"

"మంచిగున్నది! నువ్వు పోనియ్యి, నీ ముచ్చట మా బస్సు చెప్తది."

దీపం పచ్చబడింది. మాట బండి నుంచి బండికి పాకిపోయింది. కార్లు, లారీలు పక్కకు ఒదిగాయి. ఆసుపత్రి దాకా ఒక్క చౌరస్తా కూడా ఆపలేదు.

"సొంత చుట్టాలు గూడ ఇట్ల పక్కకు జరగరు బిడ్డా," అంది కొమురవ్వ.

ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం, దసరానాడు ఒకరి చేతిలో ఒకరు పెట్టి కావలించుకునే జమ్మి ఆకు పట్టుకుని ఐలయ్య ఆ చౌరస్తాకే వచ్చాడు. ఆకు చేతిలో పెడదామంటే సిగ్నలు స్తంభానికి చేతులు లేవు. అందుకని దానికే కట్టి, అలాయ్ బలాయ్ అంటూ గట్టిగా కావలించుకున్నాడు.

అతని ఆటో నడిరోడ్డు మీదే ఉంది. వెనక ఆగిన బండ్లలో ఒక్కటీ హారను కొట్టలేదు.